పెళ్లి తిరుపతిలో, బిడ్డ ఏ ఊరు?

మన తిరుపతికి అమెరికా మనుమలు వచ్చే కాలాలు రెండు. జూన్, జూలై నెలల్లో వాళ్ల వేసవి సెలవులు ఒకటి, డిసెంబరు ఆఖరున క్రిస్మసు సెలవులు రెండవది. బడితో పనిలేని చంటిపిల్లలు మాత్రం ఏ నెలలోనైనా దిగుతారు, ఎందుకంటే వాళ్లు వచ్చేది పుట్టువెంట్రుకలకు. న్యూజెర్సీలో పుట్టినా టెక్సాసులో పుట్టినా, ఏడాదిలోనో మూడో ఏటనో కొండమీద కల్యాణకట్టలో తల వంచవలసిందే. చెన్నైలో (మా బోటివాళ్ల నోట ఇప్పటికీ మద్రాసే) విమానం దిగి, పుత్తూరు మీదుగా కారులో వచ్చి, మరునాడు గుండుతో, గంధంతో కొండ దిగే ఆ చిన్నవాళ్లను చూస్తే ఎవరికైనా ముచ్చట వేస్తుంది. చిత్తూరు వైపువాళ్లు బెంగుళూరులో దిగి పలమనేరు మీదుగా వస్తారు. తేడా అంతే.

తల్లీ తండ్రీ కలిసి వచ్చిన ఇళ్లలో ఇంతకుమించి చెప్పుకోవలసినది లేదు. ఈ వ్యాసం వాళ్లు విడిపోయిన ఇళ్ల సంగతి.

నేను వకీలును కాను. పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇంగ్లీషు కాగితం వస్తే చదివిపెడతాడని వీధిలో నాకొక పేరున్నది. పూర్వం నా దగ్గరికి ఎక్కువగా కాలేజీ సీటు కాగితాలు, వీసా కాగితాలు వచ్చేవి. ఇప్పుడు వాటితోపాటు ఇంకొక రకం వస్తున్నాయి. అమెరికాలోనో ఇంగ్లండులోనో కోర్టువారు ఇచ్చిన ఉత్తర్వులు, అవతలి పక్షం వకీలు రాసిన తాఖీదులు, “మా బిడ్డను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు తీసుకుపోవడానికి సమ్మతిస్తున్నాను” అనే ఒప్పుకోలు పత్రాలు. వీటిని చదవగా చదవగా చట్టం పుస్తకాలు తిరగేయక తప్పలేదు.

మొన్న వేసవిలో మా బైరాగిపట్టెడలోనే ఉండే ఒకావిడ వచ్చారు. కూతురూ అల్లుడూ అక్కడ విడిపోయారు. కూతురు నాలుగేళ్ల కొడుకును తీసుకుని వచ్చి నెల అయింది.

“అయ్యవారూ, మా పాపను ఇంక ఆ దేశానికి పంపేది లేదు. అబ్బోణ్ణి ఈడనే బడిలో వేస్తాము. అల్లుడు ఏదో కోర్టు కాగితం పంపినాడు. అమెరికా కోర్టు మాట మన తిరుపతిలో చెల్లదంట గదా?”

“ఎవరు చెప్పారమ్మా?”

“అందరూ అంటారు. పెండ్లి ఈడనే చేసినాము. పెండ్లి యాడ జరిగితే తగువు ఆడనే తేలాల గదా?”

ఆవిడ మాటలో సగం నిజమున్నది. తమాషా ఏమంటే, ఆ సగం నిజం పుట్టినది కూడా ఒక తిరుపతి పెళ్లిలోనుంచే.

1975 ఫిబ్రవరి 27న తిరుపతిలో ఒక పెళ్లి జరిగింది. 1978 జూలైలో ఆ దంపతులు వేరయ్యారు. భర్త అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులకు దరఖాస్తు పెట్టుకున్నాడు. దరఖాస్తుకు ముందు 90 రోజులు ఆ రాష్ట్రంలో ఉంటే చాలు, అక్కడి కోర్టు చేపడుతుంది. మీ కోర్టుకు ఈ అధికారం లేదంటూనే భార్య జవాబు పంపింది. 1980 ఫిబ్రవరి 19న డిక్రీ వచ్చింది. ఈ వివాహం ఇక బాగుపడే అవకాశం లేకుండా చెడిపోయింది గనుక రద్దు అని దాని సారాంశం. 1981 నవంబరు 2న భర్త యాదగిరిగుట్టలో ఇంకొక పెళ్లి చేసుకున్నాడు. భార్య ఊరుకోలేదు, ద్వివివాహ నేరం మోపుతూ క్రిమినల్ ఫిర్యాదు చేసింది.

మేజిస్ట్రేటు ఆ అమెరికా డిక్రీని నమ్మి భర్తను వదిలిపెట్టారు. 1987లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. కేసు ఢిల్లీదాకా పోయి 1991 జూలై 9న సుప్రీంకోర్టులో తేలింది. తీర్పు రాసినవారు జస్టిస్ పి.బి. సావంత్. ఆ భర్త అంతకు ముందే తిరుపతి సబ్‌కోర్టులో కూడా విడాకుల పిటీషను వేసి ఉన్నాడు, అందులో తన నివాసం లూసియానా రాష్ట్రంలోని న్యూ ఆర్లియన్స్ అని రాసుకున్నాడు! మిస్సోరీలో ఆయన వలసపక్షి వంటివాడేగాని నివాసి కాడని సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టులో దాఖలైనది డిక్రీకి జెరాక్సు నకలే, ధ్రువీకరించిన ప్రతి కాదన్న సంగతి కూడా పట్టుకున్నది.

ఆ తీర్పులో నిలిచిన సూత్రం ఇది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకున్న కోర్టు, ఆ చట్టం ఒప్పుకున్న కారణం మీద ఇచ్చిన విడాకులే ఇక్కడ చెల్లుతాయి. అవతలి మనిషి ఆ దేశంలో స్థిరంగా ఉంటూ, అక్కడ చూపిన కారణం మన చట్టంలో కూడా ఉన్నదైతే, లేదా తనంత తానుగా ఆ కోర్టుకు తలవంచి వాదించుకుంటే, లేదా విడాకులకు సమ్మతిస్తే అది వేరు సంగతి. ఆంధ్రదేశం నుంచి అమెరికా పోయిన అల్లుళ్లు అక్కడ గుట్టుగా డిక్రీ తెచ్చుకుని భార్యను వదిలించుకునే మార్గాన్ని ఈ తీర్పు చాలావరకు మూసివేసింది. ఎందరో ఆడపిల్లలకు ఇది కొండంత అండ అయింది. హిందూ వివాహచట్టం 19వ సెక్షను ప్రకారం పెళ్లి జరిగిన ఊరి కోర్టులో దావా వేయవచ్చు గనుక, తిరుపతిలో తాళి కట్టించుకున్న పిల్ల తిరుపతిలోనే న్యాయం అడగవచ్చు. మా వీధి ఆవిడ చెప్పిన సగం నిజం ఇదే.

అయితే అది ఆలుమగల బంధం తెగిందా లేదా అన్న తగాదా. బిడ్డ ఎక్కడ పెరగాలన్నది ఇంకొక తగాదా. మొదటిదానికి వర్తించే న్యాయాన్ని రెండవదానికి అతికించడంలోనే మనవాళ్లు చాలామంది మునుగుతున్నారు.

బిడ్డ సంగతిలో చట్టం పెళ్లిపందిరి ఎక్కడ వేశారని అడగదు. ఆ చట్టం 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ ఆక్టు. అప్పటికి చిత్తూరు జిల్లాయే పుట్టలేదు, మనం ఉత్తర ఆర్కాటులో ఉన్నాం. విమానమూ పుట్టలేదు. అయినా దాని 9వ సెక్షనులో ఉన్న ఒక మాట ఈనాటికీ కేసులను తిప్పుతున్నది: బిడ్డ ‘మామూలుగా నివసించే’ చోటి కోర్టుకే అధికారం. అవ్వగారింటికి చుట్టపుచూపుగా వచ్చి నెలరోజులు ఉన్నంతమాత్రాన బిడ్డ ఆ ఊరివాడైపోడు.

దీనికి మన తెలుగు దంపతుల కేసే ఒకటున్నది. పెళ్లి హైదరాబాదులో, కాపురం అమెరికాలో, పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. 2016 డిసెంబరులో తల్లే పెన్సిల్వేనియా కోర్టులో విడాకులకూ పిల్లల సంరక్షణకూ దావా వేసింది. 2017 మార్చిలో పిల్లలతో ఇక్కడికి వచ్చింది, ఏప్రిల్‌లో తిరుగు టిక్కెట్లున్నాయి. తిరిగి వెళ్లలేదు, హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో కొత్తగా దావా వేసింది. ఆ కోర్టుకు అధికారం లేదని హైకోర్టు అన్నది. 2019 మార్చి 15న సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసి, పిల్లలు అమెరికా వెళ్లవలసిందేనన్నది. తిరుగు టిక్కెట్టు చిన్న కాగితమే. కాని ‘ఉండిపోవడానికి రాలేదు’ అని చెప్పే సాక్ష్యం అదే.

అంతకన్న గుండె కలుక్కుమనేది 2009 నాటి కేసు. న్యూయార్కు కోర్టులో తల్లీ తండ్రీ ఇద్దరూ ఒప్పుకుని, బిడ్డ ఇద్దరి సంరక్షణలో ఉండేట్టు 2007 జూన్‌లో ఉత్తర్వు తీసుకున్నారు. అదే నెలలో తల్లి బిడ్డను తీసుకుని ఇండియాకు వచ్చేసింది. తండ్రి సుప్రీంకోర్టులో హెబియస్ కార్పస్ పిటీషను వేశాడు. రాష్ట్రాల పోలీసులకు ఆచూకీ దొరకలేదు. చివరకు సి.బి.ఐ. రంగంలోకి దిగి 2009 అక్టోబరులో చెన్నైలో వాళ్లను పట్టుకున్నది. అప్పటికి ఆ పిల్లవాడికి ఏడేళ్లు. రెండేళ్లకు పైగా ఊళ్లూ బళ్లూ మారుతూ దాగిన ఆ పసివాడి మనసులో ఏం జరిగి ఉంటుందో ఆలోచిస్తే, తప్పు ఎవరిదన్న ప్రశ్న వెనక్కి పోతుంది. నవంబరులో కోర్టు అతణ్ణి అమెరికా తీసుకుపొమ్మన్నది. తల్లి ప్రయాణం ఖర్చు, అక్కడ ఆమె ఉండడానికి వసతి తండ్రే చూడాలని షరతులు కూడా పెట్టింది.

అలాగని విదేశీ కోర్టు ఆజ్ఞ ఇక్కడ శిలాశాసనమూ కాదు. 1997 నవంబరులో తేలిన ఒక కేసులో, పసితనంలో వచ్చిన పిల్లవాడు పన్నెండేళ్లకు పైగా తల్లి దగ్గరే ఇక్కడ పెరిగాడు గనుక ఇక్కడే ఉండనిచ్చారు. 2017 జూలై 3న ముగ్గురు న్యాయమూర్తులు, ఇంగ్లండు కోర్టు రమ్మన్నప్పటికీ, గుండెజబ్బున్న ఒక చిన్నపిల్లను ఢిల్లీలో తల్లి దగ్గరే ఉంచారు. విదేశీ ఉత్తర్వు లెక్కలోకి తీసుకోవలసిన వాటిలో ఒకటి, బిడ్డ మేలు అన్నిటికన్నా పైమాట అని వాళ్లు స్పష్టం చేశారు. అంచేత ఏ కేసు ఎటు తిరుగుతుందో వకీలు కూడా ముందుగా చెప్పలేడు. బిడ్డ వయసు, ఇక్కడ ఎంతకాలం ఉన్నాడు, ఎవరు ఎంత త్వరగా కోర్టుకు వచ్చారు, ముందు ఏ కోర్టులో ఏమని ఒప్పుకున్నారు అన్నవన్నీ తూకంలోకి వస్తాయి.

ఇంత అనిశ్చితి ఎందుకని మీరడగవచ్చు. 1980 అక్టోబరు 25న హేగ్ నగరంలో ఒక ఒడంబడిక కుదిరింది. తల్లిగాని తండ్రిగాని బిడ్డను అన్యాయంగా వేరే దేశానికి తీసుకుపోతే, ముందు బిడ్డను అలవాటైన దేశానికి పంపి, తగాదా అక్కడ తేల్చుకోవాలన్నది దాని సారం. నూరుకు పైగా దేశాలు అందులో ఉన్నాయి. భారతదేశం చేరలేదు. 2009లో మన లా కమిషను చేరమన్నది. దాని మీద 2017లో నియమించిన జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. ఇప్పటికీ చేరలేదు. బిడ్డలతో పారిపోయి వచ్చేవాళ్లలో దెబ్బలు తిన్న తల్లులున్నారు, వాళ్లను తిరిగి అదే ఇంటి దగ్గరికి తోసినట్లవుతుందన్నది అభ్యంతరాలలో పెద్దది. కొట్టివేయదగ్గ అభ్యంతరం కాదు. డిపెండెంటు వీసా మీద పోయి, చేతిలో ఉద్యోగం లేక, పాస్‌పోర్టు భర్త బీరువాలో ఉండిపోయిన పిల్లల కథలు మన జిల్లాలో కూడా విన్నాను.

కాని ఆ తల్లికి కూడా చెప్పాపెట్టకుండా విమానం ఎక్కడం కన్న ముందు అక్కడి కోర్టు గడప తొక్కడమే క్షేమమని నా అభిప్రాయం. ఎందుకంటే బిడ్డ తండ్రి హక్కును అడ్డుకునే ఉద్దేశంతో బిడ్డను దేశం దాటించడం అమెరికాలో 1993 చట్టం ప్రకారం నేరం, మూడేళ్లదాకా జైలు. గృహహింస నుంచి పారిపోయినట్టు రుజువైతే అదే చట్టంలో రక్షణ ఉన్నది. ఆ రుజువు అక్కడే, ఆ రోజుల్లోనే పోగుచేయాలి, తిరుపతికి వచ్చాక కాదు. మన రాయబార కార్యాలయాల చేతిలో ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఒక నిధి ఉన్నది, విదేశంలో చిక్కుకున్న ఆడపిల్లలు వకీలు సాయానికి అక్కడ అడగవచ్చు.

ఈ సంగతులన్నీ మా వీధి ఆవిడకు ఒక పూటంతా కూర్చుని చెప్పాను. ఆవిడ నన్ను దాటి లోపలికి చూస్తూ, “అయితే అబ్బోణ్ణి పంపీమంటారా?” అన్నారు. పంపమనీ పంపవద్దనీ చెప్పే అర్హత నాకు లేదు. దాచవద్దని మాత్రం చెప్పాను. ఇంకొక సంగతి కూడా చూపించాను. పిల్లవాడి అమెరికా పాస్‌పోర్టు ఇంకో ఎనిమిది నెలల్లో అయిపోతుంది. పదహారేళ్లలోపు బిడ్డకు ఆ పాస్‌పోర్టు మళ్లీ ఇవ్వాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ హాజరు కావాలి, రాలేనివారు నోటరీ ముందు సంతకం చేసిన సమ్మతి పంపాలి. తండ్రి సంతకం లేకుండా ఇక్కడ ఉంచేస్తే, రేపు పిల్లవాడు ఆ దేశానికి పోవాలన్నా చిక్కే, ఈ దేశంలో విదేశీ పౌరుడుగా కాగితాలు సరిగా ఉంచుకోవాలన్నా చిక్కే. ఆవిడ కూతురే చివరకు వకీలు దగ్గరికి వెళ్లింది.

ఇది వచ్చే పిల్లల గొడవ. పోయే పిల్లల గొడవ కూడా ఉన్నది. విడాకులు చిత్తూరులోనో తిరుపతిలోనో అయ్యాయి, బిడ్డ తల్లి దగ్గర ఉన్నాడు, తల్లికి దుబాయిలో ఉద్యోగం వచ్చింది. అప్పుడేమిటి? 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ ఆక్టు తండ్రిని సహజ సంరక్షకుడంటుంది, ఆయన ‘తరువాత’ తల్లి అంటుంది. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలనీ అంటుంది. ఆ ‘తరువాత’ అన్నది తండ్రి చనిపోయాక అని కాదు, తండ్రి పట్టించుకోని, లేదా అందుబాటులో లేని సందర్భాలలో కూడా అని 1999లో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. ఎవరు సంరక్షకులైనా, కోర్టు నియమించిన సంరక్షకులైతే ఆ 1890 చట్టం 26వ సెక్షను ఒకటి కాచుకుని ఉంటుంది: కోర్టు అనుమతి లేకుండా బిడ్డను కోర్టు అధికార పరిధి దాటించరాదు. అక్షరాలా చదివితే మద్రాసు కూడా పరిధి అవతలే!

పాస్‌పోర్టు దగ్గర ఈ గొడవ బయటపడుతుంది. మైనరు బిడ్డకు దరఖాస్తు పెట్టేటప్పుడు తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం చేసేది అనెక్షర్ డి. రెండవవారి సమ్మతి దొరకనప్పుడు ఒక్కరే కారణం చెప్పి ఇచ్చే ప్రకటన అనెక్షర్ సి. 2016 డిసెంబరులో నిబంధనలు సడలించి, తల్లి పేరుగాని తండ్రి పేరుగాని ఒకటి చాలునన్నారు, విడాకుల డిక్రీ జతపరచనక్కరలేదన్నారు. తిరుపతి పాస్‌పోర్టు సేవాకేంద్రంలో పని సులువు చేసే సంగతే గాని, కోర్టులో సంరక్షణ దావా నడుస్తుండగా దానిని దాచి ప్రకటన ఇస్తే రేపు అదే కాగితం మెడకు చుట్టుకుంటుంది. దావా ఉంటే కోర్టునే అనుమతి అడగడం మేలు.

రెండు దేశాల మధ్య పిల్లలు తిరగవలసిన ఇళ్లలో వకీళ్లు ‘మిర్రర్ ఆర్డరు’ అంటారు, అద్దంలో ప్రతిబింబంలాగా ఇక్కడి షరతులనే అక్కడి కోర్టులో కూడా ఉత్తర్వుగా తీసుకోవడం. మంచి ఏర్పాటే. దానినే నమ్ముకుని కూర్చోవడం మాత్రం కుదరదు. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక పిల్లవాణ్ణి తండ్రితో కెన్యా పంపుతూ అక్కడి హైకోర్టులో ఇలాంటి ఉత్తర్వు తెమ్మన్నది. తండ్రి తెచ్చాడు, పిల్లవాణ్ణి తీసుకుపోయాడు, ఆ తరువాత మాట తప్పాడు. 2021 అక్టోబరులో కోర్టు తన తీర్పును తానే వెనక్కి తీసుకున్నది.

ఇక మామూలు ఇళ్లకు, అంటే విడిపోయినా తగాదా పెంచుకోని తల్లిదండ్రులకు, కావలసినది ఒక పేజీ ఉత్తరం. నేను రాసిపెట్టినవాటిలో ఇవి తప్పకుండా ఉంటాయి: బిడ్డ పేరు, పాస్‌పోర్టు నంబరు, ఎవరితో ప్రయాణం, పోయే తేదీ, తిరిగివచ్చే తేదీ, విమానం నంబర్లు, తిరుపతిలో ఉండే ఇంటి చిరునామా, అవ్వాతాతల ఫోను. ఉన్న కోర్టు ఉత్తర్వు తేదీ, ప్రయాణం దానికి లోబడే అన్న వాక్యం. నోటరీ ముందు సంతకం. ఇంగ్లండు నుంచి వచ్చేవారికి ఇంకొక లెక్క ఉన్నది, బిడ్డ తమ దగ్గర ఉండాలని కోర్టు ఉత్తర్వు పొందినవారు 28 రోజులలోపు ప్రయాణానికి రెండవవారి సమ్మతి అడగనక్కరలేదు. ఒక్కరోజు మించినా అడగాలి. మనవాళ్లు కొండ, కాణిపాకం, శ్రీకాళహస్తి, చుట్టాల పెళ్లి అంటూ 30 రోజులు వేసుకుని వస్తారు!

ఉత్తరంలో ఆఖరు పేరా ఫోను మాటలకు. బిడ్డకు దూరంగా ఉన్నవారు వీడియోలో రోజూ కాసేపైనా బిడ్డతో మాట్లాడేట్టుండాలని 2020లో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో చెప్పింది. గంట కూడా రాసుకోవాలి, రెండు గడియారాల ప్రకారమూ. తిరుపతిలో సాయంత్రం ఆరైతే న్యూయార్కులో వేసవిలో ఉదయం ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. మార్చిలో, నవంబరులో వాళ్లు గడియారం మారుస్తారు. ఆ వారం ఇక్కడ తాతగారు గంట ముందో వెనకో ఫోను దగ్గర కూర్చుంటారు, అక్కడ తండ్రి ఆఫీసుకు పోయే దారిలో ఉంటాడు. అందుకని నేను రాసేటప్పుడు ఆ రెండు తేదీలు కూడా వేసి కింద గీత గీస్తాను.